పాఠకుల ప్రశ్నలు: ఒక్క ‘చార్జి’కి ఎన్ని అర్థాలు?

ప్రశ్న: బస్సెక్కితే చార్జి, ఫోన్‌కి చార్జింగ్, రోడ్డు మీద లాఠీచార్జి, కోర్టులో చార్జిషీట్, ఆఫీసులో కొత్త అధికారి తీసుకునేదీ చార్జే. ఇవన్నీ ఒకటే మాటా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ఒకటే. లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే బండి, ‘కర్రికారే’ అంటే బండికి సరుకెత్తడం. అదే పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి ‘చార్జ్’ అయింది. కార్, కార్గో దీని చుట్టాలే. బరువు పెట్టడమన్న మూలార్థం పట్టుకుంటే మిగతావి వాటంతటవే విడిపోతాయి. జేబు మీద పెడితే రుసుము, నెత్తిన పెడితే బాధ్యత, నేరం పెడితే అభియోగం. తెలుగూ ఈ దారినే నడిచింది: గడ్డిమోపు, పన్నుల భారం మోపడం, నేరం మోపడం.

పాత అర్థం కార్ఖానాల్లో ఇంకా బతికే ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ అనే ఇనుము తీసే కొలిమిలోకి కోక్ (కాల్చిన బొగ్గు), సింటర్ (కాల్చి గడ్డకట్టించిన ఖనిజపు పొడి), ఇనుప ఖనిజం పోయడాన్ని చార్జింగ్ అనే అంటారు. గనుల్లో రంధ్రంలో పేలుడు మందు కూరడమూ అంతే. తుపాకీలో మందు దట్టించినట్టే లైడెన్ జాడీలో (విద్యుత్తు నిలవచేసే గాజు సీసా) విద్యుత్తు నింపుతున్నామనుకున్న రోజుల్లో, 18వ శతాబ్దంలో, ఈ మాట కరెంటుకూ అంటుకుంది. నిజానికి ఫోన్ బ్యాటరీలోకి కొత్త పదార్థమేదీ చేరదు. లోపలున్న లిథియం అయాన్లు ఒక వైపు నుంచి మరో వైపుకి జరుగుతాయి. బ్యాటరీ మీద రాసే 5000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అంటే 5 ఆంపియర్ల కరెంటు గంటసేపు, అంటే విద్యుత్ చార్జిని కొలిచే లెక్కలో 18,000 కూలుంబులు.

ఎక్కించింది దించితే డిశ్చార్జ్. బ్యాటరీకీ, ఆసుపత్రి రోగికీ, కోర్టులో నిందితుడికీ అదే మాట.

ప్రశ్న: చార్జిషీట్ వేశారంటే నేరం రుజువైనట్టేనా? ఉద్యోగికిచ్చే చార్జిమెమో కూడా ఇలాంటిదేనా? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: కాదు. ఎఫ్ఐఆర్‌తో దర్యాప్తు మొదలవుతుంది. అది ముగిశాక పోలీసులు కోర్టుకిచ్చే నివేదికే చార్జిషీట్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 193వ సెక్షన్. నిందితుడు కస్టడీలో ఉంటే గడువు ముఖ్యం. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించిన శిక్ష పడగల నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60. ఆలోగా వేయకపోతే బెయిలు హక్కు అవుతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: గడువు దాటగానే తలుపు దానంతటదే తెరుచుకోదు. చార్జిషీట్ పడేలోపే బెయిలుకు దరఖాస్తు చేయాలి, కోర్టు అడిగిన పూచీ ఇవ్వాలి.

‘చార్జెస్ ఫ్రేమ్ చేయడం’ వేరు. అది జడ్జి పని. పోలీసులు పెట్టిన సెక్షన్లన్నీ అక్కడ నిలవాలని లేదు. విచారణకు తగిన ఆధారం లేదనుకుంటే జడ్జి ఆ దశలోనే డిశ్చార్జ్ చేస్తారు. పూర్తి విచారణ తర్వాత నిర్దోషిగా విడుదల చేయడంతో దీన్ని కలపకండి; పత్రికలు తరచూ కలిపేస్తుంటాయి.

చార్జిమెమో యాజమాన్యం ఇచ్చేది, శిక్ష కాదు. ఆరోపణల పాఠం, పత్రాల జాబితా, సాక్షుల జాబితా జతపడ్డాయో లేదో ముందు చూసుకోండి. గడువులోగా రాతపూర్వకంగా జవాబివ్వండి. కోపంతో ఊరుకుంటే విచారణ ఆగదు, మీరు లేకుండానే సాగిపోతుంది.

ప్రశ్న: ఇంగ్లిషులో ఈ మాట వాడేటప్పుడు ఎక్కడ తప్పు పోతాం? (డిగ్రీ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: మొదట బస్సు దగ్గర. మనకు బస్సు చార్జీ, వాళ్లకు ‘ఫేర్’. డాక్టరుకిచ్చేది ‘ఫీ’. బ్యాంకు కోసుకునేది మాత్రం ‘చార్జ్’. రెండోది విభక్తి: ‘చార్జ్డ్ విత్ థెఫ్ట్’ అంటే దొంగతనం కేసు, ‘చార్జ్డ్ ఫర్ వాటర్’ అంటే నీళ్లకు డబ్బు తీసుకున్నారని. ‘అక్యూజ్’ పక్కన ‘ఆఫ్’ వస్తుంది, ‘చార్జ్’ పక్కన ‘విత్’. ‘ఇన్ చార్జ్ ఆఫ్’ అంటే చూసుకునేవారు. మధ్యలో ‘ద’ చేరి ‘ఇన్ ద చార్జ్ ఆఫ్’ అయితే ఎదుటివారి సంరక్షణలో ఉన్నవారు. ఫోన్‌ను ‘ఇన్ చార్జ్’ పెట్టానంటే ఇంటి పెత్తనం దానికే అప్పగించినట్టు. ‘ఆన్ చార్జ్’ అనండి.

ప్రశ్న: ఏసీకి ఏటా గ్యాస్ చార్జింగ్ చేయించాలా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: అక్కర్లేదు. గ్యాస్ మూసిన గొట్టాల్లో తిరుగుతుంది, పెట్రోలులా ఖర్చవదు. తగ్గిందంటే లీకున్నట్టే. గొట్టాలు బిగించే ఫ్లేర్ నట్ల దగ్గర, తుప్పు పట్టిన కాయిల్ దగ్గర వెతికించండి. నైట్రోజన్ నింపి సబ్బునీళ్లు పూస్తే బుడగలు చెబుతాయి. లీకు మూశాక వాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగించి, యూనిట్ ప్లేటు మీదున్న గ్రాముల లెక్కన తూకం వేసి నింపాలి. పైపు ప్లేటు లెక్కకు మించి పొడవైతే ఆ మేరకు కలపాలి. ఆర్410ఏ అనే ఏసీ గ్యాస్ రెండు వాయువుల మిశ్రమం కాబట్టి ద్రవంగానే ఎక్కించాలి. ఎక్కువైతే కంప్రెసర్ మీద ఒత్తిడి, కరెంటు రెండూ పెరుగుతాయి. లీకు మూయకుండా ‘టాప్‌అప్’ చేసి వెళ్తే కొంతకాలానికి మళ్లీ అదే ఖర్చు.