అమ్మాయి యాసను దిద్దించాలా?

భీమిలి నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కథలు బాగా చెబుతుంది గానీ మాటలో యాస పోవడం లేదు. ఆరు నెలల యాంకరింగ్ కోర్సులో చేర్చి దిద్దించాలా, లేక తర్వాత జర్నలిజం పీజీ చదివించాలా?"

అయ్యా, మీరు పంపిన రెండు రికార్డింగులూ విన్నాను. మొదటిదానిలో అమ్మమ్మ ఫిషింగ్ హార్బరులో కోనాం చేపకు బేరమాడిన సంగతి చెబుతూ, ఆవిడ మొప్ప ఎత్తి చూసిన చోట అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "అప్పుడేటైనాదంటే" అని గొంతు తగ్గించింది. నేను చేతిలోని పని పక్కన పెట్టి విన్నాను. కాలేజీలో ఎవరో నవ్విన తర్వాత చెప్పిన రెండోదానిలో "ఏటి" పోయి "తదనంతరం" వచ్చింది, అమ్మమ్మ పాఠం అప్పజెబుతున్నట్టు బేరమాడింది, ఆగవలసిన చోట అమ్మాయి ఆగనే లేదు.

ఆ నవ్వు కన్నా మీరు రాసిన "దిద్దించాలా" అన్న మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంట్లో మీరంతా మాట్లాడుకునే మాటను మీరే తప్పుగా ఎంచితే, పిల్ల నలుగురిలో నోరెలా విప్పుతుంది? వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి మన ఉత్తరాంధ్రలోనే పుట్టారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. విశాఖలో వకీలుగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ఇక్కడి పేదల మాటనే కథల్లోకి తెచ్చి తెలుగువారందరి చేతా చదివించారు.

ఆరు నెలల కోర్సులపై నాకు నమ్మకం తక్కువ. మైకు వాడకం, ఎడిటింగ్ నేర్పితే మంచిదే. కానీ అవి ముగించి నా దగ్గరకు వచ్చిన పిల్లల్లో చాలామంది ఒకే రాగంలో "హాయ్ ఫ్రెండ్స్" అనడం అలవాటు చేసుకుని, తమ సొంత గొంతును పోగొట్టుకున్నారు. ఫీజు కట్టే ముందు అక్కడ చదివినవారు చేసిన పని చూపించమని అడగండి.

జర్నలిజం పీజీ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఉంది. ఆ నిర్ణయానికి ఇంకా సమయముంది. వార్తలు చదవడానికి ప్రామాణిక భాష కావాలంటే సాధనతో వస్తుంది, దానికోసం ఇంటి మాటను వదులుకోనక్కర్లేదు.

ప్రస్తుతానికి వారానికొక కథను కాగితం చూడకుండా ఫోనులో రికార్డు చేయమనండి. మరునాడు విని, తనకే విసుగనిపించిన చోటును తీసేయాలి గాని మాటతీరును మార్చకూడదు. ఈ ఆదివారం కోనాం చేప కథను మీరే ఎదురుగా కూర్చుని, మధ్యలో దిద్దకుండా వినండి. ఆ చేప చివరికి ఎంతకు వచ్చిందో నాకు కూడా రాయండి. మీరు పంపిన రికార్డింగు బేరం తేలక ముందే ఆగిపోయింది.