పని ఆపి మూడేళ్లయింది, జరిమానాలు మాత్రం ఆగలేదు

ప్రశ్న: మాది గుంటూరు. మావారి స్కిల్డ్ వర్కర్ వీసా మీద డిపెండెంట్‌గా 2022 మార్చిలో ఇంగ్లండ్‌లోని లీడ్స్ వచ్చాను. ఏప్రిల్ నుంచి ఏడాదిపాటు సొంత కారులో ఫుడ్ డెలివరీ చేశాను. 16,400 పౌండ్లు వచ్చాయి, 12,000 మైళ్లు తిరిగాను. 2023 ఏప్రిల్ 15న మానేసి కేర్ హోమ్‌లో చేరాను. అక్కడ జీతంలోనే పన్ను కోసుకుంటారు. అదే సరిపోతుందనుకుని సెల్ఫ్ అసెస్‌మెంట్ రిటర్ను (మన ఆదాయం, పన్ను మనమే లెక్కగట్టి పంపే పత్రం) ఒక్కటీ వేయలేదు. 2023 డిసెంబరులో కాన్పు కష్టమై నెలపైనే ఆసుపత్రిలో ఉన్నాను. తర్వాత ఇల్లు మారాం, ఉత్తరాలన్నీ పాత ఇంటికే వెళ్లాయి. ఇప్పుడు, 2026 ఫిబ్రవరిలో, 5,500 పౌండ్లకు పైగా బాకీ ఉందని వసూళ్ల ఏజెన్సీ ఉత్తరం పంపింది. మూడేళ్లకూ నిల్ రిటర్నులు, అంటే ఆదాయం సున్నా అని చూపేవి, వేసెయ్యమని తెలిసినవాళ్లు అంటున్నారు. వేసెయ్యనా?

జవాబు: ఆగండి. ఆ సలహా ఇచ్చినవాళ్లు మంచికే చెప్పి ఉంటారు గానీ, దాన్ని పాటిస్తే మాఫీ అయ్యే జరిమానా కూడా మీ నెత్తిన మిగిలిపోతుంది.

ముందు ఆ 5,500 ఎలా వచ్చిందో చూడండి. రిటర్ను గడువు, పన్ను సంవత్సరం (ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా) ముగిశాక వచ్చే జనవరి 31. దాటిన మర్నాడే 100 పౌండ్లు పడతాయి. మూడు నెలలు దాటాక రోజుకు 10 చొప్పున 90 రోజులకు 900. ఆరు నెలలకు 300, లేదా పన్నులో 5 శాతం, ఏది ఎక్కువైతే అది. ఏడాది నిండితే మళ్లీ అంతే. వెరసి ఒక్కో సంవత్సరానికి కనీసం 1,600. పన్ను సున్నా అయినా ఇంతే. 2010-11కు ముందు అసలు పన్నును మించి జరిమానా ఉండేది కాదు, ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఈ లెక్కన మీకు 2022-23కు 1,600, 2023-24కు 1,600, మొన్న జనవరిలో గడువు దాటిన 2024-25కు 100. ఇవి 3,300. మిగిలినది, మీరు రిటర్ను వేయలేదు కాబట్టి 2022-23కు పన్నుశాఖ, అంటే హెచ్‌ఎంఆర్‌సీ, తనే ఊహించి వేసిన పన్నూ, దాని మీద ఆలస్య రుసుములూ, వడ్డీ అయి ఉండాలి. అలా ఊహించి వేసిన పన్నును 'డిటర్మినేషన్' అంటారు, ఉత్తరంలో ఆ మాట ఉందేమో చూడండి.

ఇప్పుడు ఈ మూడేళ్లను రెండు కుప్పలు చేయండి. సొంత పని చేసిన ఏడాది ఒకటి, చేయని ఏళ్లు రెండు. రెంటికీ మందు ఒకటి కాదు.

చేయని ఏళ్లతో మొదలుపెడదాం, గడువు తరుముతోంది కాబట్టి. 2023-24, 2024-25లకు మీరు రిటర్ను వేయాల్సిన అవసరమే లేదు. మీరు మానేసినట్టు తెలియక హెచ్‌ఎంఆర్‌సీ అలవాటుగా నోటీసు పంపింది. ఆ నోటీసును వెనక్కి తీసుకోమని అడిగే వీలు చట్టంలో ఉంది (1970 నాటి టాక్సెస్ మేనేజ్‌మెంట్ చట్టం, సెక్షన్ 8బి). నోటీసు పోతే దాని మీద పడిన జరిమానాలూ రద్దు చేయించుకోవచ్చు. అయితే రెండు షరతులు. పన్ను సంవత్సరం ముగిసిన రెండేళ్లలోగా ఇది జరగాలి. ఆ ఏడాదికి రిటర్ను అప్పటికే వేసి ఉండకూడదు, డిటర్మినేషన్ వచ్చి ఉండకూడదు. నిల్ రిటర్ను వేయొద్దన్నది ఇందుకే: వేశారంటే నోటీసును పాటించినట్టే, ఇక వెనక్కి తీసుకోవడానికి ఏమీ ఉండదు, 1,600 అలాగే నిలుస్తుంది. 2023-24కు ఆ రెండేళ్లు 2026 ఏప్రిల్ 5తో పూర్తవుతాయి. 2024-25కు ఇంకో ఏడాది ఉంది గానీ, రెండూ ఒకే ఫోన్లో తేల్చుకోండి.

సెల్ఫ్ అసెస్‌మెంట్ హెల్ప్‌లైన్ 0300 200 3310. పది అంకెల యూటీఆర్ నంబరు (హెచ్‌ఎంఆర్‌సీ మీకిచ్చిన పన్ను నంబరు), నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, ఆ రెండేళ్ల పీ60లు (ఏడాది జీతం, కోసిన పన్ను చూపుతూ యజమాని ఇచ్చే పత్రాలు) చేతిలో పెట్టుకోండి. అడగాల్సినవి నాలుగు: 2023 ఏప్రిల్ 15న సొంత పని మానేసినట్టు నమోదు చేయమని, ఆ రెండేళ్ల నోటీసులు వెనక్కి తీసుకోమని, జరిమానాలు రద్దు చేయమని, కొత్త చిరునామా ఎక్కించమని. జరిమానాల మాట విడిగా అడగండి, దానంతటదే జరుగుతుందని వదిలేయొద్దు. మాట్లాడిన తేదీ, సమయం రాసుకుని, అవే విషయాలతో ఉత్తరం కూడా పంపండి. 'మరి ఏప్రిల్ 6 నుంచి 15 దాకా పని చేశారుగా' అంటారేమో. పన్ను సంవత్సరం ఏప్రిల్ 5తో మారుతుంది కాబట్టి ఆ పది రోజులు 2023-24లోకే వస్తాయి, నిజమే. కానీ ఏడాది మొత్తం మీద సొంత పని రాబడి 1,000 పౌండ్లు దాటకపోతే ట్రేడింగ్ అలవెన్స్ కింద చూపించక్కర్లేదు.

ఫోన్ చేసే ముందు ఒక్క సంగతి నిజాయతీగా చూసుకోండి. ఊళ్లో మీ పేర ఇంటి అద్దె వస్తోందా, ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ (ప్రవాసులు ఇండియా బ్యాంకులో వేసుకునేది) వడ్డీ పడుతోందా? ఆ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, బ్రిటన్‌లో నివాసి అయితే ఇక్కడ లెక్కలోకి వస్తుంది. అలాంటిదేమైనా ఉంటే ముందు ఆ లెక్క తేల్చుకోండి, లేదంటే ఫోన్లో చెప్పిన మాట తర్వాత అబద్ధమవుతుంది.

ఇక 2022-23. దీనికి రిటర్ను వేయాల్సిందే. నిల్ కాదు, అసలు లెక్కతో. కారుకు మైలేజీ పద్ధతి వాడితే మొదటి 10,000 మైళ్లకు 45 పెన్నీల చొప్పున 4,500, మిగతా 2,000 మైళ్లకు 25 చొప్పున 500. ఖర్చు 5,000, లాభం 11,400. పర్సనల్ అలవెన్స్, అంటే పన్ను పడని ఆదాయం, 12,570 కాబట్టి ఆదాయపు పన్ను లేదు. ఆ ఏడాది నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ వగైరాల కోసం కట్టే చందా) మొదలయ్యే గీత 11,908, దానికీ మీరు లోపలే. పైగా లాభం 6,725 దాటింది కాబట్టి డబ్బు కట్టకుండానే స్టేట్ పెన్షన్ లెక్కలో ఒక ఏడాది జమవుతుంది.

మైలేజీ పద్ధతి ఎంచుకుంటే పెట్రోలు, బీమా, రిపేర్లు మళ్లీ విడిగా రాయకూడదు, అవన్నీ ఆ 45 పెన్నీల్లోనే ఉన్నాయి. ఫోన్ బిల్లులో పనికి వాడిన వాటా, పార్కింగ్ ఫీజు రాసుకోవచ్చు. మైళ్లు రాసిపెట్టుకోలేదా? యాప్ వారపు స్టేట్‌మెంట్లు తీయండి. కారు ఎంఓటీ (ఏటా చేయించే వాహన తనిఖీ) చరిత్ర ప్రభుత్వ సైట్లో ఉచితంగా దొరుకుతుంది, అందులో ప్రతి తనిఖీ నాటి మీటరు అంకె ఉంటుంది. రెంటినీ పోల్చి, సొంత తిరుగుడు తీసేస్తే నిలబడే లెక్క వస్తుంది. ఆన్‌లైన్లో ఆ ఏడాది తెరుచుకోకపోతే ఎస్‌ఏ100తోపాటు ఎస్‌ఏ103ఎస్ కాగితపు ఫారాలు నింపండి. ఈ రిటర్ను చేరగానే డిటర్మినేషన్ చెరిగిపోయి మీ లెక్క దాని స్థానంలోకి వస్తుంది, దాని మీది వడ్డీ, ఆలస్య రుసుములూ పోతాయి. దీనికి గడువు 2027 జనవరి 31 దాకా ఉంది, కానీ ఈ వారమే వేయండి.

అప్పుడు మిగిలేది 2022-23 జరిమానా 1,600. దీని మీద ఎస్‌ఏ370 ఫారంతో అప్పీలు చేయొచ్చు. నోటీసు వచ్చిన 30 రోజుల్లో చేయాల్సింది, కాబట్టి ఆలస్యానికీ కారణం రాయాలి. ఆసుపత్రి డిశ్చార్జి పత్రం జత చేయండి. గడువు 2024 జనవరి 31, మీరు ఆసుపత్రిలో ఉన్నది సరిగ్గా దానికి ముందు, కాబట్టి మొదటి 100కు గట్టి కారణమే. కానీ కారణం తొలగిపోయాక అనవసర జాప్యం లేకుండా వేసి ఉండాలన్నది నియమం. రెండేళ్ల ఆలస్యాన్ని ఒక్క కాన్పు మోయలేదు, కోలుకోవడానికి నెలలు పట్టినట్టు డాక్టరు కాగితాలుంటే అవీ పెట్టండి. 'పన్ను లేదు కదా అనుకున్నాను', 'ఇల్లు మారాం' అన్నవి నిలవవు. చిరునామా చెప్పడం మన బాధ్యతేనంటారు. హెచ్‌ఎంఆర్‌సీ అప్పీలును కాదంటే రివ్యూ (మళ్లీ పరిశీలన) అడగొచ్చు, ఆ తర్వాత 30 రోజుల్లో ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, ఫీజు లేదు. అయినా 1,500 దాకా కట్టాల్సి వస్తుందనుకునే డబ్బు సర్దుకోండి. టైమ్ టు పే కింద నెలవారీ వాయిదాలు అడగొచ్చు, రిటర్నులు సరిచేశాకే ఒప్పుకుంటారు.

ఏజెన్సీకి ఈలోగా ఏమీ కట్టొద్దు. రిటర్ను వేస్తున్నానని, మిగతావి రద్దుకు అడిగానని వాళ్లకు రాసి, వసూలు ఆపమని హెచ్‌ఎంఆర్‌సీకి అదే ఫోన్లో చెప్పండి. ఆదాయం తక్కువైతే టాక్స్‌ఎయిడ్ అనే సేవాసంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. రేపు ఐఎల్‌ఆర్‌కు (శాశ్వత నివాస అనుమతికి) వెళ్లేటప్పుడు హోమ్ ఆఫీసుకు చూపే ఆదాయమూ ఇక్కడి రిటర్నులో ఉన్నదీ ఒకటే కావాలి, కాబట్టి ఆ 16,400ను ఎక్కడా తగ్గించి రాయకండి.