పీహెచ్‌పీ కనీస వెర్షన్‌ను రీడ్‌మీలో కాక ప్రధాన ఫైల్‌లో ప్రకటించాలి

మీ వర్డ్‌ప్రెస్ ప్లగిన్ (సైట్‌కు అదనపు సౌకర్యాలు చేర్చే ప్రోగ్రామ్) రీడ్‌మీలో, అంటే దాని వివరణ ఫైల్‌లో, కనీసం పీహెచ్‌పీ 8.0 కావాలని రాసినా, పీహెచ్‌పీ 7.4 ఉన్న సర్వర్లలో ఫేటల్ ఎర్రర్ (ప్రోగ్రామ్‌ను ఆపేసే లోపం) వస్తోందని, 7.4కు మద్దతు ఇవ్వాలా అని అడిగారు. ఆ ఎర్రర్‌కు కారణం, బహుశా ఆ షరతు మీ ప్లగిన్ ప్రధాన పీహెచ్‌పీ ఫైల్‌లో లేకపోవడమే. వర్డ్‌ప్రెస్ 5.8 నుంచి యాక్టివేషన్ (ప్లగిన్‌ను ఆన్ చేసే) సమయంలో ఈ షరతు కోసం రీడ్‌మీని చూడటం మానేసింది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

1. ప్రధాన ఫైల్ పైనున్న కామెంట్‌లో, ప్లగిన్ పేరు, వెర్షన్ ఉన్న చోటే, 'రిక్వైర్స్ పీహెచ్‌పీ: 8.0' అనే వరుసను ఇంగ్లిష్ అక్షరాలలో చేర్చండి. వర్డ్‌ప్రెస్ ఈ కామెంట్‌ను కోడ్ నడపకముందే మామూలు పాఠంగా చదువుతుంది కనుక, లోపల 7.4కు అర్థంకాని సింటాక్స్ (కోడ్ రాసే పద్ధతి) ఉన్నా సైట్ కూలిపోదు. యాక్టివేషన్ మాత్రం ఆగి, కారణం తెలిపే సందేశం కనిపిస్తుంది.

2. ఎఫ్‌టీపీతో (సర్వర్‌కు ఫైళ్లు పంపే పద్ధతితో) పాత ఫైళ్లపై కొత్తవి నేరుగా పెట్టేవారికి ఈ తనిఖీ వర్తించదు. వారిని ముందే హెచ్చరించండి.

3. ఇక 7.4కు మద్దతు ఇవ్వాలా అన్న ప్రశ్న. దానికి భద్రతా సవరణలు 2022 నవంబరుతో ఆగిపోయాయి గనుక నేనైతే వదిలేస్తాను. అయితే మీ వాడుకరులలో ఎక్కువమంది అక్కడే ఉంటే, ముందుగా కోడ్‌లో 8.0 నుంచి ఏమేమి వాడారో చూడండి. ఒక పాఠంలో మరో పాఠం ఉందో లేదో చూసే 'స్ట్ర్ కంటెయిన్స్' ఫంక్షన్ ఒక్కటే అయితే, వర్డ్‌ప్రెస్ 5.9 నుంచి దానికి ప్రత్యామ్నాయం అందులోనే ఉంది. విలువను బట్టి ఫలితాన్ని ఎంచుకునే 'మ్యాచ్' వంటి సింటాక్స్‌కు అలాంటి వెసులుబాటు లేదు, దానిని అదే పని చేసే పాత 'స్విచ్'తో తిరగరాయాలి.