ఉద్దానం నీటిపై పరిశోధన: నిధులు ఎవరిని అడగాలి?

ప్రశ్న: నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రం బోధిస్తున్నాను. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకూ తాగునీటికీ ఉన్న సంబంధాన్ని పరిశోధించాలని దరఖాస్తు పెడితే తిరస్కరించారు. ప్రభుత్వ నిధుల కోసం ఎవరిని, ఎలా అడగాలి?
– ఒక అధ్యాపకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మనుషుల ఆరోగ్యం ప్రధానమైన పరిశోధనకు భారత వైద్య పరిశోధన మండలి, నీరు, నేల వంటి మౌలిక శాస్త్రాంశాలకు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ నిధులిస్తాయి. 2023 నాటి చట్టంతో ఏర్పడిన ఈ ఫౌండేషన్‌లోనే మునుపటి సెర్బ్ (సైన్స్, ఇంజినీరింగ్ పరిశోధన బోర్డు) విలీనమైంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు పెద్ద సంస్థలతో కలిసి పనిచేయడానికి ‘పెయిర్’ పథకమూ అక్కడ ఉంది.

అయితే ఎవరిని అడిగారన్న దానికన్నా ఏమి అడిగారన్నదే ముఖ్యం. కవిటి, సోంపేట ప్రాంతాల్లో ఈ జబ్బుకు నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో చేసే కష్టం, నొప్పి మాత్రలు అంటూ ఎన్నో అనుమానాలున్నా కారణం ఇంకా తేలలేదు. అందుకే ‘నీటికీ జబ్బుకూ సంబంధం’ అని విశాలంగా రాస్తే నిపుణులు ఒప్పుకోరు. ఒకే రకం తోటపని చేస్తూ వేర్వేరు నీళ్లు తాగే రెండు ఊళ్లను ఎంచుకుని, ఒక్క ప్రశ్నకు జవాబు వెతకండి.

నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్య నిపుణులు) ఒకరిని సహ పరిశోధకులుగా తప్పక చేర్చుకోండి. కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ అంకెను రక్తంలో ఒక్కసారి చూసి జబ్బు ఉందని లెక్క వేయడం చాలా దరఖాస్తులను దెబ్బతీసే పొరపాటు. ఎండలో జీడితోట నుంచి నేరుగా శిబిరానికి వచ్చిన మనిషికి ఒంట్లో నీరు తగ్గడం వల్ల కూడా ఆ అంకె పెరగవచ్చు. కిడ్నీ పనితీరులో లోపం మూడు నెలలకు మించి కొనసాగితేనే దానిని దీర్ఘకాలిక జబ్బు అంటారు. కాబట్టి రెండో విడత పరీక్షల ఖర్చును బడ్జెట్‌లో విడిగా చూపించండి. నీటి నమూనాల సంగతీ అంతే: ఫ్లోరైడ్ కోసం తీసే నీటిని గాజు సీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, లోహాల కోసం తీసినదానిలో నైట్రిక్ ఆమ్లం కలపాలి. ఈ వివరాలు దరఖాస్తులో ఉంటే చదివేవారికి మీ పనిమీద నమ్మకం కుదురుతుంది.

జూనియర్ రీసెర్చ్ ఫెలోకు నెలకు రూ. 37,000, దానికి అదనంగా ఇంటి అద్దె భత్యం లెక్కవేయండి. ఖర్చు చేసిన సొమ్ముకు వినియోగ ధ్రువపత్రం సకాలంలో పంపకపోతే తరువాతి విడత ఆగిపోతుంది గనుక, మీ అకౌంట్స్ విభాగంతో ముందే మాట్లాడి ఉంచుకోవడం మంచిది.

రక్తం, మూత్రం సేకరించే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి, ప్రతి ఒక్కరి నుంచీ తెలుగులో రాసిన అంగీకార పత్రం ఉండాలి. ఎవరి ఫలితం వారింటికి చేర్చి, అర్థమయ్యేలా చెప్పడానికయ్యే ప్రయాణ ఖర్చును కూడా ఈసారి దరఖాస్తులో అడగండి. ఏళ్ల తరబడి రక్తమిస్తూ వచ్చిన ఆ ఊళ్లకు అది న్యాయంగా రావలసినది.