గన్ పట్టే ముందు గాలి సంగతి చూసుకో

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న నడిపిన మారుతి 800కు ఇంటి వాకిట్లోనే నీ చేతులతో రంగు వేయాలనుకుంటున్నావనీ, అందుకోసం స్ప్రే గన్, చిన్న కంప్రెసర్ కూడా కొన్నావనీ అక్క ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం కలిగింది. వరంగల్‌లో 30 ఏళ్లు బండ్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసినవాణ్ణి కనుక, గన్ పట్టడం నీకు పది రోజుల్లో వస్తుందని చెప్పగలను. అయితే గన్‌లోకి వెళ్లే గాలి, వాకిట్లో వీచే గాలి, నువ్వు పీల్చే గాలి ఎలా ఉన్నాయో చూసుకోకపోతే ఎంత కుదురైన చేయి అయినా ఉపయోగపడదు.

ముందుగా నువ్వు పీల్చే గాలి గురించి రాస్తాను. దుకాణంలో హార్డెనర్ కలిపి వేసే టూ-కే రంగు చూపిస్తారు. దాని మెరుపు నిజమే. కానీ రంగును గట్టిపరిచే ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలు ఉంటాయి. గన్ నుంచి సన్నని తుంపరగా వెలువడినప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి చేరి ఉబ్బసం తెప్పించగలవు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తరువాత కొంచెం సోకినా ఊపిరి ఆడదు. నాతో కలిసి పనిచేసిన ఒకాయన ముక్కుకు తువ్వాలు చుట్టుకొని ఏళ్ల తరబడి ఆ రంగే కొట్టాడు. చివరికి హార్డెనర్ డబ్బా మూత తీస్తేనే ఆయాసం మొదలయ్యే స్థితి వచ్చి, తెలిసిన ఒక్క పనినీ వదులుకున్నాడు. వాసన రావడం లేదు కదా అని ధైర్యపడడానికి వీల్లేదు. శుభ్రమైన గాలి పైపు ద్వారా అందే మాస్కు దానికి సరైన రక్షణ. అది నీ దగ్గర ఉండదు. అందుచేత టూ-కే రంగును ఇంట్లో కొట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. అదే కావాలంటే బూత్, అంటే రంగు కొట్టడానికే కట్టిన గది ఉన్న చోట వేయించు.

ఇంట్లో ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగుతో నేర్చుకో, దానికి హార్డెనర్ అక్కర్లేదు. మెరుపు కోసం తరువాత కాంపౌండ్ అనే పాలిష్ ముద్దతో రుద్దాలి గానీ, పాత బండికి అది చక్కగా సరిపోతుంది. దానికి కూడా బొగ్గు ఫిల్టర్లున్న మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఈ రంగును పలుచన చేసే థిన్నర్ ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి, స్విచ్చులో రవ్వ లేచే కంప్రెసర్‌ను దూరంగా పెట్టు. వంటింటి పొయ్యి, తులసికోట దగ్గరి దీపం ఆ వేళకు వెలగకుండా అక్కకు ముందే చెప్పు.

ఇప్పుడు వానలు పడుతున్నాయి, బతుకమ్మ పండుగ దాటేదాకా గన్ ముట్టుకోకు. పని కొత్తలో, గిరాకీ తొందరపెట్టాడని, శ్రావణ మాసంలో ముసురు పట్టిన రోజున ఒక నల్ల బానెట్‌కు రంగు కొట్టాను. చూస్తుండగానే నల్లటి రంగు మీద పాలు ఒలికినట్టు తెల్లని మసక కమ్మింది. థిన్నర్ వేగంగా ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది. ఆ చల్లదనానికి గాలిలోని తేమ రంగు మీదే నీరుగా మారుతుంది. బానెట్ మొత్తం మళ్లీ రుద్దవలసి వచ్చింది. కంప్రెసర్‌లో కూడా ఒత్తిడికి వేడెక్కిన గాలి చల్లారి, ట్యాంకు అడుగున నీరు చేరుతుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు అడుగునున్న వాల్వు తిప్పి ఆ నీరు వదిలేయి, పైపుకు నీటిని పట్టే ఫిల్టర్ బిగించు.

రోహిణి కార్తె ఎండలు కూడా పనికిరావు, రంగు రేకును చేరేలోపే ఆరి పొడిపొడిగా పడుతుంది. కార్తీకం నుంచి మాఘం దాకా, పొద్దెక్కి మంచు విడిచాక మొదలుపెట్టు. అయితే మీ ఇల్లు ఏనుమాముల మార్కెట్ దారిలో ఉంది; పత్తి బండ్లు వచ్చేది ఆ నెలల్లోనే, వాటి నుంచి లేచిన నూగు తడి రంగు మీద వాలితే తీయడం సాధ్యం కాదు. మార్కెట్‌కు సెలవున్న రోజు చూసి, వాకిలి తడిపి, గాలి వచ్చే వైపు పరదా కట్టి, మిగతా వైపులు తెరిచి ఉంచు.

రేకు పని ఓపికతో చేయి. తుప్పును మెరిసే రేకు కనిపించేదాకా గీకి, లప్పం పలుచగా పెట్టి, 80 నంబరు, తరువాత 180 కాగితంతో చెక్క దిమ్మ మీద పొడిగానే రుద్దు. లప్పం నీరు పీల్చుకుంటే లోపల మళ్లీ తుప్పు మొదలవుతుంది. కళ్లు మూసుకొని అరచేతిని దాని మీద మెల్లగా జరుపు. కంటికి కనబడని పల్లం అరచేతికి తెలుస్తుంది. దాని మీద రంగుకు ముందు వేసే ప్రైమర్ కొట్టి, అది ఆరాక 600 వాటర్ పేపర్‌తో రుద్దితే చాలు.

రంగు కొట్టేటప్పుడు గన్‌కు 1.4 మి.మీ. నాజిల్, గన్ దగ్గర 30 పౌండ్ల గాలి ఒత్తిడి, రేకుకు జానెడుకు కాస్త తక్కువ దూరం ఉండాలి. మణికట్టు తిప్పకుండా చేయంతా జరపాలి, ఒక్కొక్క వరుస ముందు వరుసను సగం కప్పాలి. పలుచని కోట్లు వేస్తూ, ఒక్కో కోటుకు పది, పదిహేను నిమిషాలు ఆరనివ్వు. నీ చిన్న కంప్రెసర్ బండి మొత్తానికి గాలి అందించలేదు, రోజుకు ఒక్క తలుపు చొప్పున చేసుకో. రంగు మారుస్తున్నట్లయితే ఆర్‌సీలో కూడా మార్పించాలి. అందుకే పాత రంగే వేయమంటాను.

మొదట పాత ఇనుము దుకాణం నుంచి ఒక తలుపు తెచ్చి దాని మీద కొట్టు. ఆరాక ఎండలో పక్క నుంచి ఫోటో తీసి పంపించు. బత్తాయి తొక్కలా ఉందో, కారిందో చూసి థిన్నర్ ఎంత కలపాలో రాస్తాను.

మామయ్య