సైమా సరస్సులో నోర్పాను చూడాలంటే మే నెలలోనే వెళ్ళండి

ఫిన్లాండ్‌లో ఉప్పునీటికి సంబంధం లేకుండా సరస్సులో బతికే సీల్స్ ఉన్నాయట, జూలై సెలవుల్లో వెళ్తే కనిపిస్తాయా, అని అడిగారు. ఉన్నాయి, సైమా సరస్సులో. ఈ సీల్‌నే ఇక్కడ నోర్పా అంటారు. కానీ కుదిరితే సెలవు మే చివరికి మార్చుకోండి. నేను హెల్సింకి పక్కనే ఎస్పూలో ఉంటాను, రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి జూలైలో. రెండు రోజులు సరస్సు మీద తిరిగినా ఒక్కటీ కనపడలేదు. ఎండాకాలం నడుమ అవి ఎక్కువసేపు నీళ్ళలోనే చేపల వేటలో ఉంటాయి. ఊపిరికి తల పైకెత్తినా, మనం ఆ వైపు తిరిగేలోపు మునిగిపోతాయి.

మే నెలలో సంగతి వేరు. అప్పుడు వాటికి పాత వెంట్రుకలు రాలి కొత్తవి వస్తాయి. అందుకు ఒంటికి వెచ్చదనం కావాలి. అందుకే ఒడ్డున ఉన్న బండరాళ్ళెక్కి గంటల తరబడి కదలకుండా పడుకుంటాయి. గాలి లేని, ఎండ కాసే సాయంత్రం చూసుకుని వెళ్ళండి. గాలి ఉండి అలలు లేస్తే రాళ్ళెక్కడం తగ్గుతుంది.

రెండోసారి అమ్మ భీమవరం నుంచి వచ్చినప్పుడు వెళ్ళాం. హెల్సింకి నుంచి సైమా ఒడ్డున ఉన్న సవోన్లిన్నా దాకా కారులో నాలుగు గంటల పైనే పట్టింది. అక్కడి నుంచి ఒరావి అనే చిన్న ఊరికి వెళ్ళి, లిన్నన్‌సారి నేషనల్ పార్క్ వైపు వెళ్ళే బోటు ఎక్కాం. సరస్సులో ఆ భాగాన్ని హౌకివేసి అంటారు. నీళ్ళు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, మురికి అనుకోకండి. చుట్టూ చిత్తడి నేలల నుంచి వచ్చే నీటితో ఆ రంగు.

గంటసేపు ఏమీ లేదు. నాకు మళ్ళీ టెన్షన్ మొదలైంది. అంతలో బోటు నడిపే ఆయన ఇంజిన్ ఆపేసి, వేలితో ఒక రాయి చూపించారు. వంద మీటర్లకు పైనే దూరం. కళ్ళకు అది రాయి మీద ఇంకో రాయిలా ఉంది. బైనాక్యులర్స్ పెట్టుకుని చూస్తే ఆ రెండో రాయికి మీసాలున్నాయి! తల, తోక రెండూ పైకెత్తి అరటిపండులా వంగి పడుకుంది. ఎండకు ఆరిన వీపు బూడిదరంగు, పొట్ట దగ్గర ఇంకా తడి. ఒంటి మీద ముదురు రంగులో లేతరంగు వలయాలు, ఎవరో తీరిగ్గా ముగ్గు పెట్టినట్టు. ఆ వలయాలు ఏ రెండిటికీ ఒకేలా ఉండవు. పరిశోధకులు ఫొటోల్లో వాటిని చూసే ఏది ఏదో గుర్తుపడతారు. అమ్మకు బైనాక్యులర్స్ ఇస్తే "కళ్ళకి కాటుక పెట్టినట్టుందిరా" అంది. కాసేపటికి ఇంకోటి నీళ్ళలో తల ఒక్కటే పైకి పెట్టి మా వైపు చూసింది. అచ్చం మా చెరువులో గేదె ముక్కు పైకి పెట్టుకున్నట్టే.

అంతా బాగుందనగా ఎవరిదో సొంత మోటారు బోటు ఫొటోల కోసం ఆ రాయికి మరీ దగ్గరగా వెళ్ళింది. నోర్పా చటుక్కున నీళ్ళలోకి జారిపోయింది. మేమున్నంతసేపు మళ్ళీ పైకి రాలేదు. నాకు చాలా బాధ వేసింది. ఆరుతున్న ఒంటిని మళ్ళీ చన్నీళ్ళలో తడుపుకోవాల్సి వచ్చింది దానికి. దయచేసి సొంతంగా బోటో కయాకో తీసుకుని వెతుక్కుంటూ వెళ్ళకండి. అక్కడి వాళ్ళు నడిపే బోటులో వెళ్ళండి. ఎంత దూరంలో ఆగాలో వాళ్ళకు తెలుసు. మోటారు శబ్దమే వద్దనుకుంటే పక్కనే కొలోవేసి నేషనల్ పార్క్ ఉంది. అక్కడ మోటారు బోట్లు నిషేధం, గైడ్‌తో తెడ్డు పడవలో వెళ్ళొచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ సైమా నోర్పా ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మంచు యుగం తర్వాత నేల పైకి లేచి, సముద్రంతో దారి తెగిపోయి, వేల ఏళ్ళుగా ఈ సరస్సులోనే ఉండిపోయింది. రష్యాలోని బైకాల్ సరస్సు సీల్ వేరే జాతి, అవి వేలల్లో ఉన్నాయి. ఇవి 500కు అటూ ఇటూ మాత్రమే. 1980లలో 200 కూడా లేవు. 1955లో వేట ఆపినా, చేపల వలల్లో చిక్కి పిల్లలు ఊపిరాడక చనిపోయేవి. అందుకే ఇప్పుడు అవి ఉండే చోట ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 వరకు వలలు వేయనివ్వరు. ఫిబ్రవరి, మార్చిల్లో ఒడ్డు పక్కన మంచు గుట్టల్లో గూడు చేసుకుని పిల్లను కంటాయి. పుట్టినప్పుడు పిల్ల ఐదు కిలోల దాకా ఉంటుంది. మంచు సరిగ్గా పడని చలికాలాల్లో వాలంటీర్లు పారలతో మంచు ఎత్తి ఆ గుట్టలు కట్టిపెడుతున్నారు. అందులోకి నోర్పాలు వచ్చి పిల్లల్ని కంటున్నాయి కూడా. పరాయి దేశంలో నాకు మనసుకు పట్టిన పని ఇది.

ఇక తీసుకెళ్ళాల్సినవి: బైనాక్యులర్స్ తప్పనిసరి, ఫోన్ కెమెరాతో లాభం లేదు. మే చివర్లో కూడా నీటి మీద చలి కొరుకుతుంది, జాకెట్, టోపీ ఉంచుకోండి. చీకటి పడేసరికి రాత్రి పది దాటుతుంది కాబట్టి సాయంత్రం ట్రిప్‌కు కంగారు పడక్కర్లేదు. సీటు ముందే బుక్ చేసుకోండి.

మేలో రావడం కుదరకపోతే వన్యప్రాణుల్ని కాపాడే సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఫిన్లాండ్ వాళ్ళు ఇంటర్నెట్‌లో పెట్టే నోర్పాలైవ్ చూడండి. 2016లో మొదలుపెట్టారు, రాయి ముందు కెమెరా పెట్టి నేరుగా చూపిస్తారు. అమ్మ భీమవరంలో రాత్రి అన్నాలయ్యాక పెట్టుకుంటుంది. అప్పటికి ఇక్కడ ఇంకా సాయంత్రం ఎండే. నోర్పా రాయెక్కగానే నాకు ఫోన్ వస్తుంది.