పేజీలో బొమ్మ మారాలంటే

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. విశాఖ చూడవచ్చే యాత్రికుల కోసం నీవు తయారుచేస్తున్న వెబ్ పేజీని శ్రద్ధగా చూశాను. కైలాసగిరి రోప్‌వే, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, కురుసుర సబ్‌మెరైన్, రుషికొండ సూర్యోదయం మొదలైన ఆరు కదిలే బొమ్మలలో ఏదో ఒకటి పేజీ తెరిచినప్పుడల్లా దానంతటదే రావాలన్న ఆలోచన నాకెంతో నచ్చింది. మొదటిదీ చివరిదీ అరుదుగా వస్తున్నాయని రాశావు. ఆ లోపం నీ లెక్కలో ఉంది.

వెబ్ పేజీలను నడిపే జావాస్క్రిప్టు భాషలో మ్యాథ్.ర్యాండమ్ అనే ఆదేశం సున్నాకూ ఒకటికీ మధ్య యాదృచ్ఛిక సంఖ్య ఇస్తుంది; అది సున్నా కావచ్చు గాని ఒకటి ఎన్నడూ కాదు. నీవు బొమ్మలకు 0 నుంచి 5 వరకు సంఖ్యలిచ్చి, దానిని 5తో హెచ్చించి, దగ్గరి పూర్ణసంఖ్యకు మార్చే మ్యాథ్.రౌండ్ వాడావు కనుక, 0.5 లోపు వస్తేనే మొదటి బొమ్మ, 4.5 గాని అంతకు పైన గాని వస్తేనే చివరి బొమ్మ పడుతున్నాయి. మధ్యనున్న నాలుగింటికీ వాటికి రెట్టింపు అవకాశం దక్కుతోంది. 6తో హెచ్చించి, దశాంశ భాగాన్ని తీసేసే మ్యాథ్.ఫ్లోర్ వాడితే 0 నుంచి 5 వరకు అన్నీ సమానంగా వస్తాయి.

అంతటితో పని పూర్తి కాదు. సగటున ఆరుసార్లలో ఒకసారి, అంతకుముందు వచ్చిన బొమ్మే వెంటనే మళ్లీ వస్తుంది. పూర్వం నేను చేసిన ఒక పేజీ గురించి దుకాణం యజమాని ఫోను చేసి, "బొమ్మ మారడం లేదండీ" అంటే, యాదృచ్ఛికమంటే అంతేనని వాదించాను. ఆయన మాటే సరైనదని తరువాత గ్రహించాను, ఎందుకంటే చూసేవారికి కావలసింది మార్పు. కాబట్టి కిందటిసారి చూపిన బొమ్మ సంఖ్యను లోకల్ స్టోరేజ్‌లో, అంటే చూసేవారి బ్రౌజర్‌లోనే ఉండే నిల్వలో, దాచి, మిగిలిన ఐదింటిలోనుంచే ఎంచు.

ఇప్పుడు నీ పేజీ ఆరు ఫైళ్లనూ తెచ్చుకుని ఐదింటిని దాచిపెడుతోంది. ముందు సంఖ్యను ఎంచి, ఆ ఒక్క ఫైలునే తెప్పిస్తే యాత్రికుల డేటా వృథా కాదు. నీవు వాడిన జిఫ్ అనే కదిలే బొమ్మల ఫైలు రకంలో ఒక్కో ఫ్రేముకు 256 రంగులే ఉంటాయి కనుక సూర్యోదయపు ఆకాశం చారలు చారలుగా కనిపిస్తోంది. దానిని శబ్దంలేని వీడియోగా మార్చు. పేజీ కోడ్‌లో దానికి మ్యూటెడ్ (శబ్దం ఆపినది) అని రాయకపోతే చాలా బ్రౌజర్లు దానిని తనంతట తాను ఆడనివ్వవు.

కదలిక ఐదు సెకన్లు దాటితే ఆపే బటన్ తప్పక పెట్టు. ఫోనులో కదలికలు తగ్గించమని కోరుకున్నవారికి నిలకడ బొమ్మనే చూపు. లైట్‌హౌస్ వెలుగు సెకనుకు మూడుసార్లకు మించి మెరిస్తే మూర్ఛవ్యాధి ఉన్నవారికి ప్రమాదం. అది నెమ్మదిగా మెరిసేలా ఈ రోజే మార్చి నాకు పంపు.

మీ మావయ్య